మూసకు రెండో కాడ

ఆ ఉదయం ఆకాశం సీసపు రేకులా కొండల మీదికి వంగి ఉంది. తూర్పున ఒక పచ్చటి చీలిక కనిపించి, చూస్తుండగానే మూసుకుపోయింది. మంచు మాత్రం పడలేదు. పడి ఉంటే ఆవులు నాకి బతికేవి.

అవి రాత్రి నుంచీ అరుస్తూనే ఉన్నాయి. వాగు అడుగుదాకా గడ్డకట్టింది. బావి పంపును తిప్పే బెల్టు చక్రం ముందురోజు చలికి పగిలి రెండు ముక్కలైంది. పట్నంలో అడిగితే తెప్పించడానికి వారం పడుతుందన్నారు. మోంటానా చలిలో నీళ్లు లేని మంద వారం ఉండదు. తొట్టి ఇనుమును నాకి నాకి నాలుకలు అంటుకుపోయి, తోలు ఊడి, అంచంతా ఎర్రబడింది. ఒక చూలావు అప్పటికే పడుకుంది. లేపితే లేవలేదు. వదిన వెర్నా వాగులో ఐసు పగలగొట్టి తెచ్చి పొయ్యి మీద కరిగిస్తోంది. అది గొంతు తడపడానికి కూడా చాలదు.

ట్రాక్టరు కొట్టంలో నాకొక కొలిమి ఉంది. పాత రంగు డబ్బాకు లోపల బంకమట్టి మెత్తి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో గాలి పెట్టి, నా అంతట నేను నేర్చుకున్నది. దాన్ని చూస్తే మా అన్న మెరిల్‌కు నవ్వు.

"తలుపు పిడులు పోసుకునేవాడివి, పంపు చక్రం పోస్తావుటరా లైల్?"

"పోస్తాను. లోహం కరిగించే మూస నిండితే ఒక్కణ్ణి ఎత్తలేను. రెండో కాడ నువ్వు పట్టాలి."

"పడతాలే. ఎప్పుడు నీ బరువు మొయ్యలేదు గనక!"

పగిలిన చక్రాన్ని అతికించాను. లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి దానికి చుట్టూ టేపు చుట్టి కాస్త లావు చేశాను. ఇసుకను పిడికిట్లో నొక్కి విరిచి చూశాను. చేతికి అంటకుండా రెండు ముక్కలుగా విరిగింది. చెక్క పెట్టెలో చక్రం చుట్టూ ఇసుక పోసి దిమ్మిసతో కూరాను. చక్రాన్ని తీసేస్తే దాని ఆకారంలో ఖాళీ మిగిలింది, అదే అచ్చు. సైకిలు పుల్లతో ఆవిరి పోయే దారులు పొడిచాను.

"పిండివంటలు చేస్తున్నావా? అక్కడ గొడ్లు చస్తున్నాయి!"

అన్న మాటకు నేను కొలిమికి గాలి పెంచాను. మూసలో అల్యూమినియం కరిగింది, కానీ చక్రానికి సరిపడా లేదు. అన్నకూ అది కనిపించింది. గుమ్మం బయట తుక్కు కుప్పలోంచి ఒక పాత అల్యూమినియం పిస్టన్ తీసుకొచ్చాడు. దాని పొట్టలో ఐసు మెరిసింది.

"ఆగన్నా! అందులో తడి ఉంది. ముందు కొలిమి మూత మీద కాలాలి."

"అది కాలేలోపు ఇంకో ఆవు పోతుంది. తప్పుకోరా!"

నన్ను మోచేత్తో నెట్టి చెయ్యి ఎత్తాడు. నా చేతిలో దిమ్మిస ఉంది. మణికట్టు మీద కొట్టాను. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. పిస్టన్ జారి మూస అంచుకు తగిలింది. లోపలున్న చిటికెడు ఐసు అందులో పడింది.

తుపాకీ పేలినట్టయింది. కరిగిన లోహం లేచి రేకుల కప్పుకు కొట్టుకుని చినుకులై రాలింది. ఒక చినుకు అన్న మెడ మీద పడింది. వెంట్రుకలు కాలిన కమురు వాసన.

అతను మండుతూనే నా మీద పడ్డాడు. ఒక్క ఎడమ చేత్తోనే నా పెదవి చీల్చాడు, పన్ను ఊడగొట్టాడు. గడ్డకట్టిన నేల మీద నా తలను రెండుసార్లు మోదాడు. నేను అతని కాలిన మెడ పట్టుకుని పిసికాను. అతను అరిచిన అరుపు, బయట ఆవుల అరుపు ఒక్కలాగే ఉన్నాయి. వదలలేదు నేను.

గుమ్మంలో వెర్నా, చేతిలో నీళ్ల బకెట్టుతో.

"చూలావు చచ్చింది," అంది. "మీరూ చావండి. ముగ్గుర్నీ ఒకే గోతిలో పూడుస్తా." లోపలికి అడుగేసింది.

"వదినా, నీళ్లు!" అని నేను, "బకెట్టు బయట పెట్టవే!" అని అన్న ఒక్కసారే కేక వేశాం.

ఆమె ఆగింది. మేమూ ఆగాం.

లేచాను. ఐసు లేనివే అయినా, రెండు పిస్టన్లు కొలిమి మూత మీద పెట్టాను. అన్న విరిగిన చేతిని కోటులో దోపుకుని వాటినే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఒకదాని మీద ఉమ్మాడు. అది చుయ్యిమని ఎగిరి మాయమైంది.

"వెయ్యనా?" అన్నాడు.

అన్న నన్ను అడిగి ఏదైనా చేయడం నేనెన్నడూ చూడలేదు.

"వెయ్యి."

కరిగిన లోహం మీద తేలిన చిట్టెం తీశాను. మూస చుట్టూ రెండు కాడల ఇనుప ఉంగరం తొడిగి చెరో కాడ పట్టుకున్నాం. అతను ఎడమ చేత్తో, కుడి మోచేత్తో పట్టాడు. ముఖం పాలిపోయి చెమట పట్టింది. అడుగులో అడుగు కలుపుతూ అచ్చు దగ్గరికి వచ్చాం. మూస వంచబోతుంటే నా గడ్డం కింద నెత్తురు బొట్టు వేలాడింది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అది అచ్చులో పడితే మళ్లీ పేలుతుంది. తడి తడే.

"తల అటు తిప్పు," అన్నాడు అన్న. "అచ్చు నేను చూస్తా."

తిప్పాను. నాకు గోడ మాత్రమే కనిపిస్తోంది. నా బొట్టు నేల మీద పడింది.

"వంచు... ఇంకొంచెం... ఆపకు, ఆపకు... నిండుతోంది... చాలు."

ఆపాను.

చల్లారాక ఇసుక బద్దలుకొట్టాం. చక్రం ఒక పక్క గరుకుగా వచ్చింది, అయినా నిండుగా వచ్చింది. నేను రంధ్రం తొలిచి అంచులు ఆకురాయితో రాస్తుంటే, అన్న దాన్ని మోకాలితో నేలకు అదిమిపట్టాడు. పొద్దు వాలే వేళకు పంపు దగ్గింది. తుప్పు నీళ్లు కక్కింది. తర్వాత తేట నీళ్లు వచ్చాయి. ఆవులు ఒకదాన్నొకటి కొమ్ములతో పొడుచుకుంటూ తాగాయి. చచ్చిన దాన్ని తొక్కుకుంటూ వచ్చి తాగాయి.

వెర్నా అన్న చేతికి రెండు చెక్కముక్కలు కట్టింది. మెడకు వెన్న రాసిన గుడ్డ వేసింది. నాకు ఉప్పునీళ్లు ఇచ్చి పుక్కిలించమంది. బల్ల మీద చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె పెట్టింది. పొద్దున్నే ఆస్పత్రికి పోవాలని అందరికీ తెలుసు.

అన్న ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు. సగం చొక్కా మీద పడింది. నేను రొట్టెను పులుసులో నానబెట్టి, పన్ను ఊడిన వైపు తగలకుండా నమిలాను. బయట ఒక్క ఆవు కూడా అరవడం లేదు. ముగ్గురం ఆ చప్పుడు లేకపోవడాన్ని వింటూ తిన్నాం.