ఎత్తుకున్నందుకు

బేస్తవారం సాయంత్రం ప్రార్థన కూటం విమలమ్మ ఇంట్లో. ఇంట్లో అంటే ముందుగదిలో. విమలమ్మ మాత్రం వంటింట్లో. వచ్చినవాళ్లందరికీ చాయ్ పెట్టాలి, వడకట్టాలి, కప్పులు చాలకపోతే తాగినవాళ్లవి కడిగి మిగతావాళ్లకు మళ్లీ పోయాలి. ఆమె భర్త జీవరాజు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు, మెథడిస్టు చర్చిలో పెద్దమనిషి. అతను ప్రార్థన చేస్తే కళ్లనీళ్లు పెట్టుకోనివాళ్లు ఉండరని పేరు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ విమలమ్మ ఒక్క ప్రసంగాన్నయినా మొదలూ చివరా విన్నది లేదు. బైబిలు కథలో తప్పిపోయిన కొడుకు తిరిగొస్తాడు, తండ్రి ఎదురు పరుగెత్తుతాడు, సరిగ్గా అప్పుడే పాలు పొంగుతాయి. ఆ తర్వాత ఆ తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో ఆమెకు ఇప్పటికీ తెలీదు.

ఆ వారం అందరూ వెళ్లిపోయాక ఆమె కప్పులు కడుగుతుంటే జీవరాజు వంటింటి గడపలో నిలబడ్డాడు.

"ఏమే, నీ దోస్తు పెంటవ్వ ఎప్పుడొస్తది కూటానికి? పాస్టరయ్య అడుగుతుండు. ఇన్నేండ్ల సంది పక్కపక్కన కూసుంటరు. ఒక్క ఆత్మను తోల్కరానీకి చాతగాదా నీకు?"

జీవరాజు మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు. ఆ మంచితనాన్ని ఆమె మరిచిపోకుండా చూసుకుంటాడు, అంతే. "హాస్టల్ పిల్లవు. ముందెనుక ఎవలు లేరు. అయినా చేసుకున్న," అంటాడు, కూరలో ఉప్పు తక్కువైన రోజున కూడా. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఇదే మాటను కాస్త కారం దట్టించి అనేది. పండక్కి చీర పెట్టడానికి తల్లిగారిల్లు కూడా లేనిదాన్ని ఇంట్లో పెట్టుకున్నామని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. విమలమ్మ చాయ్ పోస్తూ వినేది.

అయితే పెంటవ్వకు దేవుడి సంగతి చెప్పాలన్న కోరిక మాత్రం జీవరాజు పెట్టింది కాదు. అది విమలమ్మ సొంతం. చిన్నప్పుడు హాస్టల్లో జ్వరం వచ్చి, తోటి పిల్లలంతా సెలవులకు ఊళ్లకు పోయి, ఖాళీ మంచాల మధ్య తనొక్కతే పడుకున్నప్పుడు పక్కన ఎవరో కూర్చున్నట్టు తోచింది ఆమెకు. ఎవరూ ఏమీ అనలేదు, ఏ వెలుగూ కనబడలేదు. భయం మాత్రం పోయింది. అంతే ఆమె విశ్వాసం. ఇంత తీపిని ఒక్కతే ఎట్లా తింటుంది? ప్రాణంలాంటి దోస్తుకు కాస్త పెట్టొద్దూ?

పెంటవ్వది వెనక వీధి. విమలమ్మ కంటే కాస్త పెద్దది. పొద్దున వంట కాగానే చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని విమలమ్మ ఇంటి అరుగు మీదికి వచ్చేస్తుంది. ఇద్దరూ మోకాలికి మోకాలు ఆనించి బీడీలు చుడతారు. గురువారం సగం సగం విన్న కథలన్నీ శుక్రవారం పెంటవ్వకు చేరతాయి. ఆమె వినేది కాదు, వకీలులాగా అడ్డ ప్రశ్నలు వేసేది.

"తండ్రి ఉరికిండు, సరే. గా పిలగాడు ఇంటికొచ్చినంక గంతమందికి దావత్ వండింది ఎవలు?"

"తల్లేమో అక్కా."

"ఆమె పేరేంది?"

"చెప్పలే. చెప్పిండ్రేమో, నేను చాయ్ పోస్తున్న."

"అయితే ఆమె గూడ వంటింట్లనే ఉన్నది తియ్యి," అనేది పెంటవ్వ. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వుకునేవారు.

జీవరాజు అట్లా అడిగిన మర్నాడు విమలమ్మ ఉషారుగా ఉంది. ఆ వారం పొయ్యి రాజుకోవడం ఆలస్యమై ఒక మాట చక్కగా చెవిన పడింది. ఆ మాట విన్నప్పటి నుంచీ ఎప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడు పెంటవ్వకు చెబుదామా అని ఒకటే ఆరాటం.

"అక్కా, నీ పేరు మా వాక్యంల ఉన్నది. పెంటకుప్ప మీద పడ్డోళ్లను దేవుడు ఎత్తుకుంటడట. అచ్చం నీకోసం చెప్పినట్టే ఉన్నది."

పెంటవ్వ చేతిలో ఆకు అట్లాగే ఆగిపోయింది.

ఆ పేరు ఎట్లా వచ్చిందో విమలమ్మకు తెలియంది కాదు. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే ఆమెను పుట్టీపుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. మేనత్త నాగవ్వ వచ్చి ఎత్తుకుని తెచ్చి తల్లి ఒళ్లో వేసింది. దిష్టి తప్పిపోవాలని చాలా ఇళ్లలో చేసే పనే. పెద్దయ్యాక ఆ నాగవ్వే కొడుక్కి చేసుకుంది.

"ఒక్కపారి ఎత్తుకున్నందుకు మా అత్తకు ఇప్పటిదాంక కాళ్లు పిసుకుతున్న," అంది పెంటవ్వ మెల్లగా. "జర నడుం వాల్చినా, నేను ఎత్తుకోకుంటే కుక్కలు పీకుతుండె నిన్ను అంటది. ఇంక మీ దేవుడు గూడ ఎత్తుకుంటే, ఆయనకు ఏమేం చెయ్యాల్నో. నాతోని గాదు విమలా." చాట తీసుకుని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. విమలమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుంది. మొదట ఏడుపొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. ఏమన్నానని అంత రోషం? పెంటవ్వ బిడ్డకు కామెర్లయినప్పుడు ఆస్పత్రిలో కూర్చున్నదెవరు? నూనె నిండుకుంటే ఏ ఇంటి తలుపు తట్టింది? తిండి తినకుండా అలిగితే బతిమాలి పెట్టిందెవరు? నేను ఇంత చేస్తే… అక్కడ ఆగింది విమలమ్మ. 'ఇంత చేస్తే' అన్నది తన గొంతు కాదు. అత్తగారిది. ఆ విరుపుతో సహా ఆమెదే. ఇన్నాళ్లూ ఎంత ప్రేమగా చెబుతున్నాననుకుంది! చెప్పిందంతా జీవరాజు మాటల్లోనే కదా. దేవుడు నీకోసం ఇంత చేశాడు, అంత చేశాడు, మరి నువ్వేం చేస్తావని. హాస్టల్లో ఖాళీ మంచాల మధ్య పక్కన కూర్చున్నవాడు ఒక్కనాడైనా అట్లా అడిగాడా? నిన్ను నేను చేరదీశాను, గుర్తుంచుకో అన్నాడా? అనలేదే. తనే ఆయనకు అత్తగారి నోరు పెట్టి పెంటవ్వ ముందు నిలబెట్టింది. అట్లాంటి దేవుడైతే పెంటవ్వ ఏమిటి, తను మాత్రం వెళ్తుందా?

మళ్లీ బేస్తవారం వచ్చింది. ముందుగదిలో చాపలు పరుస్తుంటే విమలమ్మ చాట చంకన పెట్టుకుని చెప్పులేసుకుంది.

"ఎటు?" అన్నాడు జీవరాజు. "చాయ్ ఎవలు పెడ్తరు?"

"చాయ్‌పత్త అల్మారల ఉన్నది," అని చెప్పి మెట్లు దిగింది.

పెంటవ్వ ఇంటి ముందు నాగవ్వ మంచంలో కునుకుతోంది. పెంటవ్వ గోడకు ఆనుకుని బీడీలు చుడుతోంది. విమలమ్మ పక్కన కూర్చుని తన చాట ముందుకు లాక్కుంది.

"మల్ల చెప్పనీకొచ్చినవా?"

"లేదక్కా. పని చేసుకోనీకొచ్చిన. ఒక్కదాన్నే ఉంటే చేతులు ఆడుతలేవు."

ఇద్దరి చాటల్లోనూ బీడీలు పోగయ్యాయి. చివరికి పెంటవ్వే తలెత్తకుండా అడిగింది.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. మీ దేవుడు ఎత్తుకున్నంక, ఎత్తుకున్న అని యాది చేస్తడా?"

"నాకైతే ఒక్కనాడు చెయ్యలే."

"నువ్వు చర్చికి పోకున్నా?"

"పోకున్నా. కోపమొచ్చి తిట్టిన గూడ. అయినా అనలే. గట్ల అనేటోళ్లు మనుషులే అక్కా. మొన్న నేను గూడ నిన్ను మనసుల అన్న."

పెంటవ్వ ఆమె వంక చూసింది. "నేను ఎన్నటికీ రాకపోతే?"

"రాకు. రేపు నీ చాట పక్కన నా చాట ఉంటది."

పెంటవ్వ చేతిలోని కత్తెర కింద పెట్టింది. "ఎత్తుకొని, ఎన్నడూ అననోన్ని నేనింతవరకు సూడలే. ఉన్నడంటే నాకు నమ్మకం లేదు విమలా. ఉంటే మాత్రం ఒక్కపారి సూడాల్నని ఉన్నది." మళ్లీ తనే అంది, "గని మీ ఇంటికి రాను. మీ ఆయన ముందట తలొంచుకొని కూసునుడు నాతోని గాదు. ప్రార్థనేదో నువ్వే చెయ్యి. గిక్కడనే."

విమలమ్మ ఎన్నడూ పైకి ప్రార్థన చేసింది లేదు. ఆ ఇంట్లో గొంతు జీవరాజుది. కళ్లు మూసుకుంటే అతని పెద్ద పెద్ద మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. వాటిని పక్కకు నెట్టి, పెంటవ్వ చెయ్యి పట్టుకుని, తనకు వచ్చిన మాటల్లోనే మొదలుపెట్టింది.

"నాయనా, ఈమె పెంటవ్వ. నా దోస్తు. ఈమెను నీ తాన్కి తోల్కరమ్మని నన్ను పంపిండ్రు. నేను తోల్కరాలే. ఎవల దగ్గరికన్న పోయి మల్ల వాళ్ల కాళ్లకాడ వడుండుడు ఈమెతోని ఇంక గాదు. నువ్వే రా."