మోకాలి వరుస

బాత్రూం గడియ పెట్టుకుని రాజలింగం కుడి మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. రోజూ చేసే పనే. బిగిస్తే పాదం మొద్దుబారుతుంది, వదులు చేస్తే నడకలో కుంటు బయటపడుతుంది. పరంజా మీంచి జారినప్పటి నుంచీ ఇదే తంటా. వీసా కొత్త చేసేది వచ్చే నెల. కాలు చెడిందని తెలిస్తే క్యాన్సిల్ కొట్టి పంపేస్తారు. ఈ సంగతి పక్క ఊరి రాకేశ్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

శుక్రవారం సెలవే. అయినా దుబాయి దగ్గరి ఉమ్ అల్ క్వైన్ ఇసుకలో సినిమా తీసేవాళ్లకు మనుషులు కావాలంటే కంపెనీ బస్సు నింపి పంపింది. అడిగి పంపలేదు. అడగడానికి వీళ్లెవరు?

అక్కడ ఎర్ర ఉన్ని కోట్లు తొడిగి, కట్టె తుపాకులు చేతికిచ్చారు. రెండు వందల యాభై ఏళ్ల కిందటి యుద్ధమట.

"గీ ఎండల ఉన్ని కోట్లేసుకుని కొట్లాడిండ్రా లింగన్నా?" అన్నాడు రాకేశ్. "దుష్మన్ ఎందుకు, చెమటకే సస్తరు."

నేర్పేవాడు తెల్లవాడు. అతని మాటను క్యాంపు చూసుకునే అమీర్ జాన్ హిందీలో చెబుతున్నాడు. మూడు వరుసలు. ముందు వరుస మోకాలి మీద, రెండోది నిలబడి, మూడోది భుజాల సందుల్లోంచి పేల్చాలి. ఒక గుంపు పేలుస్తుంటే పక్క గుంపు మందు దట్టించుకోవాలి. కాల్పులు ఆగకూడదు. కాగితం పొట్లం పళ్లతో కొరికి, గొట్టంలో పోసి, చువ్వతో కూరాలి. పొట్లానికి చుట్టిన దారం చూసి రాజలింగానికి ఇంటి దగ్గర బీడీలు చుట్టే భార్య భూమవ్వ వేళ్లు గుర్తొచ్చాయి.

"నువ్వు ఎనకకు పో. నేను ముంగట కూసుంట," రాకేశ్ గొణిగాడు.

"పొట్టోళ్లు ముంగటనట. అడిగితే ఎందుకంటరు. ఊకో."

కూర్చోవడం ఎట్లాగో అయింది. లేవాల్సిన ప్రతిసారీ తుపాకీని ఊతకర్ర చేసుకున్నాడు. అందుకే మూడో పేలుడికి నువ్వు పడిపోవాలని చెప్పినప్పుడు అతని ప్రాణం లేచొచ్చింది. పడ్డవాడు లేవనక్కర్లేదు.

"గిర్‌నేవాలే కో మత్ దేఖో," అన్నాడు అమీర్ జాన్. పడ్డవాణ్ణి చూడకుండా, వెనకవాడు ఆ జాగాలోకి అడుగెయ్యాలి. అంతే. "యల్లా," కానివ్వండని అరిచాడు.

కట్టె తుపాకుల బదులు పక్కన టపాకాయలు పేలాయి, పొగ లేచింది. మూడో పేలుడికి రాజలింగం పక్కకు ఒరిగాడు. మోకాలు లోపల మెలిపడింది. "అవ్వా" అన్నాడు. ఆ మాట ఎవరూ నేర్పింది కాదు.

సైటులో మనిషి పడితే చేతిలోది పారేసి ముందు చంకల కింద చేతులు వేస్తారు. వెనక వరుసలోని రాకేశ్ అదే చేశాడు. తుపాకీ ఇసుకలో పడింది. వరుస చెదిరింది.

"ఇడువురా. పండనియ్యి నన్ను," రాజలింగం పళ్ల సందున అన్నాడు.

"కాలు ఆనుతలేదే నీకు."

రాకేశ్ అప్పటికే నిలబెట్టేశాడు. పాంటు కింది నుంచి గుడ్డ చివర జారి వేలాడింది. అమీర్ జాన్ వచ్చి దాన్ని చూశాడు, మనిషిని చూశాడు.

"కిత్‌నే దిన్ సే?" ఎన్నాళ్ల నుంచని అడిగాడు.

రాజలింగం వేలాడే గుడ్డను పాంటులోకి దోపుకున్నాడు.

"ఖలాస్. బస్ మే బైఠో." అయిపోయింది, పోయి బస్సులో కూర్చోమన్నాడు.

బస్సు కిటికీలోంచి చూస్తే వరుస మళ్లీ కుదిరింది. అతని జాగాలో ఎవరో మోకాలి మీద కూర్చున్నారు. పొగ ఆ కొస నుంచి ఈ కొసకు పాకింది. ఎవరో పడ్డారు. ఈసారి ఎవరూ కిందికి చూడలేదు. బాగా వచ్చిందని తెల్లవాడు చప్పట్లు కొట్టాడు.

వారం తిరగకముందే ఊరికి టికెట్ వచ్చింది. క్యాంపు గేటు దాకా రాకేశ్ పెట్టె మోశాడు.

"నా వల్లనే అయింది లింగన్నా."

"పడ్డోణ్ణి లేపుడు తప్పారా? కాకుంటే జరసేపు ఆగితే అయిపోతుండె." అటు తిరిగి అన్నాడు, "కాలు సంగతి ఊళ్లె చెప్పకు. భూమవ్వకు నేనే చెప్పుకుంట."

వ్యాను వెళ్లిపోయింది. సాయంత్రానికి అతని మంచం మీద బీహారు మనిషి కొత్త దుప్పటి పరుచుకున్నాడు. మంచం కింద రాజలింగం సైటు బూట్లు అలాగే ఉన్నాయి. ఎడమదాని మడమ రేకు బయటపడేలా అరిగిపోయింది. కుడిదాని అడుగున కంపెనీ అచ్చు ఇంకా చదవడానికి వస్తోంది.