చదవమన్నంత వరకే

శుక్రవారం ప్రార్థన కూటం తన ఇంట్లోనే కాబట్టి ఎలిశబెతు పొద్దుట్నుంచీ చాపలు దులిపింది, ముప్పై గ్లాసులు కడిగింది, ఇంత పెద్ద గిన్నెలో టీ కాచింది. బైబిల్లో వాక్యభాగం చదివే పనీ ఆమెదే. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దుకున్న విధవరాలు లేచి చదివితే సాక్ష్యంగా ఉంటుందని పాస్టరు సమాధానం గారి ఆలోచన. ఎక్కడ ఆపాలో పెన్సిలు గీత కూడా ఆయనే పెట్టి ఇచ్చారు.

భర్త క్రీస్తుదాసు బతికున్నన్నాళ్లూ చదవడం ఆయనది, వినడం ఈమెది. "నేను చదవతానే ఉండాను గదా, నీకెందుకు చదువు" అనేవాడు. చదివిన నోటితోనే తిట్టి, గ్రంథం మూసిన చేత్తోనే కొట్టేవాడు. వాచిన చెంపతో పాస్టరు గారి దగ్గరికి పరుగెత్తితే, తొలినాటి విశ్వాసులను సింహాలకు వేసినా పాటలు పాడుతూ చచ్చిపోయారని చెప్పి, ఓర్చుకోమ్మా అన్నారు. ఇరవై ఆరేళ్లు ఓర్చుకుంది. సింహానికైతే ఒక పూటకు ఆకలి తీరేది, ఆ మనిషికి ఏనాడూ తీరలేదు.

ఇప్పుడు పాస్టరు గారు ఆ మాటే కూతురు మెర్లిన్‌కు చెప్పడానికి వచ్చారు. వాచిన మణికట్టుతో అత్తగారి ఊరు వాకాడు నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లను, కూటం కాగానే అల్లుడు కిషోర్ బాబు వెంట పంపేయాలట. అల్లుడు ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అతనికీ తనే టీ అందించాలని తలుచుకుంటే ఎలిశబెతుకు ఒళ్లు మండింది.

లేచి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. యెరూషలేములో సంఘం మీదికి పెద్ద హింస వచ్చిందన్న చోట గీత వచ్చింది.

"చాల్లేమ్మా, కూర్చో" అన్నారు పాస్టరు గారు.

ఆమె గీత దాటింది. ఆ హింసకు విశ్వాసులంతా ఇళ్లూ వాకిళ్లూ విడిచి తలో ఊరికి చెదిరిపోయారని అక్కడే, ఆ పక్కనే ఉంది. వారం రోజులుగా పదిసార్లు చదువుకుంది. ఇరవై ఆరేళ్లలో ఈ ఒక్క ముక్క తనకు ఎవరూ చదివి వినిపించలేదు.

"ఆళ్లు ఓర్చుకోని కూర్చోలేదు అయ్యగారూ, లేచి ఎలబారి పోయినారు. నా బిడ్డా అట్నే వచ్చిండాది."

ఆయన చిన్నగా నవ్వారు. "సంఘానికి పెద్దలైన అపొస్తలులు మాత్రం కదల్లేదు. అదీ అక్కడే ఉంది, చదువమ్మా."

"చదివినాను. అట్టయితే ఆ ఇంటికి మీరు పోయి ఉండండి. నా బిడ్డ పోదు."