తూర్పు గోడ మీది జెరేనియం

జువ్వలదిన్నె ఉప్పుగాలికి జెరేనియం మొక్క బతకదని లాజరస్‌కు చెప్పనివాళ్ళు లేరు. ఆయన వింటేగా! కూనూరు కొండల నుంచి తెచ్చుకున్న ఆ ఒక్క కుండీని మూడు వేసవులు కాపాడాడు. తూర్పు గోడ మీద పెట్టి పది గంటల దాకా పొద్దుటెండ తగలనిచ్చి, ఆపైన నీడకు జరిపేవాడు. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు పోసేవాడు. "ఈ భాగ్యం నాకెప్పుడన్నా పట్టిందా?" అని భార్య ఎలిశబెతు దెప్పేది. ఆ మాట అన్నందుకు ఇప్పుడామె తనను తానే తిట్టుకుంటోంది.

నవంబరులో ఆయన పోయాడు. ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడికకు వాకిట్లో షామియానా వేస్తూ ఎవరో కుండీని దించి పంచలో మూలన పెట్టారు. కూడిక అయిపోయినా షామియానా తీయలేదు. చర్చి సంఘం ఆడవాళ్ళు రోజూ ప్రార్థనకు వస్తూనే ఉన్నారు. అందరూ మంచివాళ్ళే. తాగగా గ్లాసులో మిగిలిన నీళ్ళు, పాపం అన్నగారి మొక్క కదా అని, ఆ కుండీలోనే పోసేవారు. ఎలిశబెతు చూసి సంతోషించింది కూడా.

కోవూరులో మొక్కలమ్మే హనీఫా లాజరస్‌కు ప్రాణస్నేహితుడు. డిసెంబరులో పలకరించడానికొచ్చి కుండీ దగ్గరే నిలబడిపోయాడు. ఆకులు పండిపోయాయి. మొదలు నల్లబడింది.

"ఎండ లేదు, నీళ్ళేమో పోస్తానే ఉండారు. వేరు కుళ్ళిపోయింది వదినా."

"ఇంక బతకదా?" ఆమె కుండీ పక్కనే కూర్చుంది. ఆయన చేత్తో పెంచింది ఇంట్లో అదొక్కటే మిగిలింది.

"పైన ఈ కొమ్మ గట్టిగా ఉండాది. కుళ్ళు పైకెక్కకముందే కోసి ఇసక మట్టిలో పెట్టాల. నువ్వే కొయ్యి."

ఎలిశబెతు కత్తి తీసుకుంది. ఆయన్ని మళ్ళీ సమాధి చేస్తున్నట్టే అనిపించింది. అయినా కోసింది. హనీఫా చేత ఆ సాయంత్రమే షామియానా విప్పించింది.

మర్నాడు, కోసినచోట ఆరాక, కొమ్మను ఇసుక మట్టి నింపిన కుండీలో నాటి తూర్పు గోడ మీద పెట్టింది. అప్పుడే పాటల పుస్తకం చంకన పెట్టుకుని ప్రార్థనకు వచ్చిన సంఘం మనిషి పరంజ్యోతి, మంచినీళ్ళు తాగి, అలవాటుగా గ్లాసు కుండీలోకి వంచబోయింది. ఎలిశబెతు ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. మీరంతా ప్రేమగానే పోసినారు, కాదన్ను. కొన్నాళ్ళు దీన్నీ నన్నూ వదిలేయండి. ఇన్ని దినాలు మీరు ఓదారుస్తానే ఉండారు. నేనింకా ఏడవనే లేదు."

పరంజ్యోతి గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది. ఎలిశబెతు గోడ పక్కన ఎండలో కూలబడింది. పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి భర్తను పేరు పెట్టి పిలిచి, గొంతెత్తి ఏడ్చింది.