పేరు మీద బండి

"నువ్వు బండి తొక్కే పద్ధతే అంత," అన్నాడు భర్త, తువ్వాలుతో తల తుడుచుకుంటూ. "గేరు వెయ్యమంటే తన్నినట్టు తంతావు. గేరు రాడ్డు వదులవక ఏమవుతుంది?"

 ఆమె అత్తగారికి కాఫీ కలిపి, ఆయన డబ్బాలో అన్నం సర్ది, మూత బిగించి, సిరంజిల సంచీ భుజాన వేసుకుని, శాంపిల్స్ పెట్టె బండికి కట్టుకుంది. ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసి ల్యాబుకి చేర్చే ఉద్యోగం ఆమెది. ఊరు ఇంకా ఒళ్ళు విరుచుకోకముందే బయల్దేరాలి. ఆమె వచ్చి సూది గుచ్చి వెళ్ళేదాకా జనం ఏమీ తినకుండా మంచినీళ్ళతోనే కూర్చుని ఉంటారు.

మోటార్‌సైకిల్ ఆయనదే. కొత్తది కొనుక్కున్నాక పాతది ఈమె పాలబడింది. "ఊరికే పడి ఉండే బదులు నువ్వు వాడుకో," అన్న మాట ఆ రోజు ఎంత తియ్యగా వినిపించిందో! కొన్నాళ్ళకే గేరు రాడ్డు ఆడటం మొదలైంది. వేస్తే పడదు. పడిందనుకుని వదిలితే ఇంజను ఉత్తినే గీపెడుతుంది. రాడ్డును పదేపదే పైకెత్తి ఎడమ పాదం పైన చర్మం కంది నల్లబడింది. చెప్పగా చెప్పగా ఆయన ఒకసారి పట్టకారు తెచ్చి బోల్టును ఓ తిప్పు తిప్పాడు. "అయిపోయింది. ఇంత దానికి అంత గొడవ," అని చేతులు దులుపుకున్నాడు. మర్నాటికే రాడ్డు మళ్ళీ ఊగులాట.

దారంతా అదే ఆలోచన. నిజంగా నా కాలిదేనా తప్పు? ఆ ఇంట్లో ఏది చెడినా చివరికి ఆమె చెయ్యి పడబట్టే చెడినట్టు తేలుతుంది. కుక్కరు రబ్బరు సాగితే ఆమె మూత తీసే తీరు, కుళాయి కారితే ఆమె తిప్పే తీరు. "నీకు అన్నిటికీ తొందరే," అంటారు అత్తయ్య. తొందరపడకపోతే ఈ పనులన్నీ ఎవరు చేస్తారో మాత్రం ఎవరూ అనరు. విని విని ఆమె కూడా నమ్మేసింది. నిద్రపోతున్న పసిపిల్లని పక్కమీద పడుకోబెట్టినంత మెల్లగా గేర్లు వేయడం అలవాటు చేసుకుంది. అయినా బండి దారికి రాలేదు.

ఆ రోజు నాలుగు రోడ్ల కూడలిలో కాలు కిందికి నొక్కితే కాలికి ఏమీ తగల్లేదు. వెనక ఠంగుమని చప్పుడు. రాడ్డు ఊడి రోడ్డు మీద పడింది. వెనక కారువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. బండిని పక్కకి తోసి, పరుగెత్తి వెళ్ళి రాడ్డు తెచ్చుకుని, భర్తకి ఫోన్ చేసింది.

"నేను మీటింగులో ఉన్నాను. ఇంటిదాకా తోసుకుపో. ఆదివారం చూస్తాను."

"పెట్టెలో శాంపిల్స్ ఉన్నాయండీ. ఆలస్యమైతే పాడవుతాయి."

"మరి చూసుకుని తొక్కాలి కదా!"

ఫోన్ పెట్టేశాక ఆ 'మరి' ఒకటే చెవిలో తిరిగింది. రాడ్డును చేత్తో ఇరికించి, రెండో గేరులో పడేసి, అదే గేరులో ల్యాబుదాకా నడిపింది. పెట్టె అప్పగించాక స్పేర్ పార్టుల షాపు వెతుక్కుంది.

షాపాయన ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "సార్‌కి ఫోన్ కలపండమ్మా, మాట్లాడతాను."

"బండి నడిపేది నేను. నాతో మాట్లాడండి."

ఆయన మొహమాటంగా రాడ్డు తీసుకుని, ఇంజనులోంచి వచ్చే గేరు ఇరుసును పట్టుకోవాల్సిన రంధ్రాన్ని వేలితో తడిమాడు. లోపలి పళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. బోల్టు బిగిస్తే దగ్గరకొచ్చే చీలిక పూర్తిగా మూసుకుపోయింది. "ఇక ఎంత బిగించినా పట్టదమ్మా. ఇంకా బిగుసుకోడానికి చోటేది? వదులైన కొత్తలో సరిగ్గా బిగిస్తే సరిపోయేది. ఇన్నాళ్ళు అలాగే తొక్కారు గనక అరిగింది."

"అయితే తొక్కే పద్ధతి వల్ల కాదన్నమాట."

"పద్ధతేముందమ్మా, ఎవరు తొక్కినా ఇంతే."

 ఇన్నాళ్ళు దొంగలా మెల్లగా నొక్కిన ప్రతి నొక్కూ గుర్తొచ్చి ఆమెకి ఒళ్ళు మండింది.

కొత్త రాడ్డు, స్పానరు కొంది. మెకానిక్ సాయంత్రం వస్తాడన్నాడు షాపాయన. "నేనే బిగించుకుంటాను, ఎలాగో చెప్పండి," అంటే, "చేతులు పాడవుతాయి కదమ్మా," అన్నాడు. మాడిన గిన్నెలు తోమేటప్పుడు పాడవని చేతులు దీనికి పాడవుతాయా అనుకుని, ఫుట్‌పాత్ మీదే చతికిలబడింది. ఇరుసు మీది మట్టిని పెట్రోలు గుడ్డతో తుడిచింది. దాని పళ్ళు గట్టివి, చెక్కు చెదరలేదు. కొత్త రాడ్డును పాదం ఎత్తుకి సరిపడేలా పెట్టి చూసింది. ఎత్తుగా అనిపించి తీసి, ఒక పన్ను దింపి మళ్ళీ ఎక్కించింది. బోల్టు దూర్చి, స్పానరు ఇక కదలనని మొరాయించేదాకా బిగించింది. ఎక్కి నొక్కితే టక్కుమని పడింది మొదటి గేరు. ఆ చప్పుడు అరికాలినుంచి గుండెలోకి పాకింది. అప్పట్నుంచి అప్పుడప్పుడూ స్పానరు పెట్టి చూసుకుంటూ, రాడ్డు ఆడకముందే బిగించుకుంటూ వచ్చింది.

ఒక ఆదివారం భర్త ఆ బండి మీద బజారుకెళ్ళి వచ్చాడు. "భలే పడుతున్నాయే గేర్లు! ఎవరు చేశారు?"

"నేనే."

నవ్వాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర తేల్చేశాడు. "బండి కండిషన్‌లో పడింది. తమ్ముడికి కొత్త ఉద్యోగం కదా, వాడికిచ్చేద్దాం. నువ్వు బస్సులో వెళ్ళొచ్చులే."

"మగపిల్లాడు, బస్సుల్లో ఏం వేలాడతాడు," అంది అత్తగారు.

ఆమె పళ్ళెంలో పెరుగు వేసుకుంటూ ఆగిపోయింది. ఇన్ని ఇళ్ళు, ఆ పెట్టె పట్టుకుని బస్సుల్లో ఎలా తిరుగుతుందో ఎవరూ అడగలేదు. బాగుచేసింది గనక పోతోంది. చెడి ఉంటే నాదే. రాత్రంతా అటూ ఇటూ దొర్లింది.

పొద్దున్నే మరిది వాకిట్లో ఉన్నాడు. "తాళం ఇవ్వు వదినా, నీకు శ్రమ లేకుండా నేనే తీసుకెళ్ళిపోతాను."

"ఇవ్వను," అంది, బండి ఎక్కుతూ.

భర్త గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటీ ఆట? బండి నా పేరు మీద ఉంది."

"ఉండనివ్వండి. పేరు మీద బండి మీదే. బండి మీద ఉన్నది నేను."

టక్కుమని గేరు వేసి వీధి దాటేసింది.

మొదటి ఇల్లు ఓ పెద్దావిడది. రబ్బరు పట్టీ కట్టి, సూది తీసి, గుచ్చకుండానే చేతిలో పట్టుకుని కూర్చుంది. 

"ఏమైందమ్మాయ్?" అంది పెద్దావిడ.

సూది పక్కన పెట్టేసింది. "ఇంట్లో ఒక మాట అనేసి వచ్చానండీ. ఇవ్వనని."

"ఏం ఇవ్వనని?"

"నాది. నా బండి."

పెద్దావిడ చెయ్యి ఇంకాస్త ముందుకు చాచింది. "సాయంత్రం మళ్ళీ అడుగుతారుగా?"

"అడుగుతారు. మళ్ళీ అదే చెప్తాను," అంది. అన్న తర్వాత ఆ గొంతు తనదేనా అని తనకే ఆశ్చర్యమేసింది. వేలితో నరం వెతికింది.