చిన్నవాళ్ళు ముందు

ఛీ, ఆ సినిమా మాటెత్తితేనే నోరు పుక్కిలించుకోవాలనిపిస్తుంది. అయినా ఎత్తక తప్పదు. ఆ ఆదివారం ఆ ఇంట్లో జరిగిందంతా దాని పుణ్యమే.

కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేసే ఆవిడని ఇంటా బయటా అద్దాలక్క అంటారు. ఆ దుకాణంలో కొన్నాళ్ళుగా అందరి నోటా ఆ సినిమా జపమే. ఫ్రేములు తుడిచే అమ్మాయి, "అక్కా, ఇంట్లోనే కూర్చుని చూసేయొచ్చు, ప్రేమంటే అదీ," అంటుంది. అద్దాలు అరగదీసే ఆయన, "మా ఆవిడ ఏడ్చేసిందమ్మా, అంత బావుంది," అంటాడు. ఒక పెద్దమనిషైతే పరీక్ష కుర్చీలో కూర్చుని, పట్టీ మీద గడ్డం ఆనించి, కింది వరస అక్షరాలు చదవండి బాబూ అంటే, అవి మానేసి, "ఇంతకీ మీరు చూశారా లేదా?" అని అడిగాడు. లేదండీ అంది. అయ్యో పాపం అని ఆయన జాలిపడ్డాడు. ఆ జాలి చూసి అద్దాలక్కకి ఒళ్ళు మండింది.

ఎవరో బావుందన్నారని తనూ బావుందనడం ఆవిడకి చిన్నప్పట్నుంచీ అలవాటు లేదు. దానికి కారణం వాళ్ళ నాన్న. ఆయన బస్సు డిపోలో మెకానిక్. అక్కడ ఫోర్‌మన్ బండి కింద తల దూర్చి గేరుబాక్సు పోయిందన్నాడంటే, ఇక ప్రతివాడికీ గేరుబాక్సే పోయినట్టు కనిపించేది. ఒకసారి అలాగే బ్రేకులు పోయిన బండికి గేరుబాక్సు మార్చి రోడ్డెక్కించారు. మనుషులెవరూ పోలేదు గానీ ఒక గోడ పోయింది. ఆ రోజే నాన్న ఇంటికొచ్చి చట్టం చేశాడు. ఇంట్లో సినిమా చూస్తే, అయిపోయాక అందరూ అభిప్రాయం చెప్పాలి. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు తర్వాత, ఆయన అందరికన్నా ఆఖర్న. పిల్లలు పెద్దల మొహాలు చూసి మాట మార్చేస్తున్నారని, చిన్నప్పుడైతే కళ్ళు మూసుకుని చెప్పమనేవాడు. డిపో మేనేజరు ఇంటికొచ్చి వాళ్ళతో కూర్చుని సినిమా చూసిన రోజున కూడా ఆ వరస తప్పలేదు.

ఈ పద్ధతిలో పండిపోయింది చెల్లెలు. ఆ పిల్ల కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తుంది. ఇంట్లో దాన్ని కత్తెర అంటారు, చేతిలో ఉన్నదాని వల్ల కాదు, నోట్లో ఉన్నదాని వల్ల. ఒకసారి గుండెలో తూటా దిగిన హీరో తల్లి ఒళ్ళో పడుకుని పాటెత్తుకుంటే, "రెండో చరణానికి ఆ తూటాయే సిగ్గుపడి బయటికొచ్చేస్తుందనుకున్నాను," అంది. వరదలో కొట్టుకుపోయి తేలిన హీరోయిన్ని చూసి, "నాన్నా, ఆ కాటుక ఏ కంపెనీదో కనుక్కో, మన పైకప్పుకి పూద్దాం, ఇక కురవదు," అంది. అద్దాలక్క ఈ మాటలన్నీ మోసుకెళ్ళి దుకాణంలో తనవిగా చెప్పుకునేది. చుట్టుపక్కల వాళ్ళు కూడా కత్తెర ఏమందో కనుక్కుని గానీ ఇంట్లో టీవీ పెట్టేవాళ్ళు కాదు.

అలాంటి కత్తెరకి సంబంధం తెచ్చింది అద్దాలక్కే. లిఫ్టులు రిపేరు చేసే ఇంజనీరు ఒకతను కళ్ళజోడు కోసం వచ్చాడు. మాట మెత్తన. అద్దాలు తుడుచుకున్న గుడ్డని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ ఇచ్చాడు. గుడ్డ మడతపెట్టే మగవాణ్ణి ఆవిడ ఆ దుకాణంలో అంతవరకూ చూడలేదు. పొంగిపోయి అమ్మకి చెప్పింది, అమ్మ నాన్నకి చెప్పింది, రెండు నెలలుగా కత్తెరా అతనూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ఆ ఆదివారం సాయంత్రం నాన్న అబ్బాయి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి, ఖాయం అనేస్తే అయిపోయినట్టే. మాట ఇచ్చాక వెనక్కి తీసుకునే మనిషి కాదు నాన్న.

ఆ సినిమా అందరం కలిసి చూద్దామని అడిగింది లిఫ్టబ్బాయే. మధ్యాహ్నం వచ్చాడు. బూట్లు గోడవారగా సరిగ్గా జత కలిపి పెట్టాడు. టీ తాగిన కప్పు తనే కడిగి బోర్లించాడు. అమ్మ అక్కడే కరిగిపోయింది. డ్యూటీ ఉండి తనతో పుట్టింటికి రాలేకపోయిన మొగుణ్ణి తలుచుకుని అద్దాలక్క కూడా కాస్త అసూయపడింది.

కర్టెన్లు వేసి మొదలుపెట్టారు. కథేముంది, ఒకడికి ఒక పిల్ల నచ్చింది. ఆ పిల్ల వద్దంది. వాడు వదల్లేదు. ఆ పిల్ల ఉద్యోగం ఊడగొట్టించాడు, ఫోను కాలవలో గిరాటేశాడు, చివరికి ఎత్తుకెళ్ళి మేడమీద గదిలో పెట్టి తాళం వేశాడు. సరే అనేదాకా తిండి లేదన్నాడు. తలుపు బయట కంచం ముందేసుకుని, ఆ వాసన లోపలికి పోయేలా కూర్చుని, వేళ్ళు నాక్కుంటూ ప్రేమ మీద ఉపన్యాసం దంచాడు. వెనకాల వేణువొకటి. చివరికి ఆ పిల్ల తలుపు సందులోంచి సరే అంది. అనగానే మంచుకొండలు, పాట, ఇద్దరికీ ఒకే రంగు బట్టలు.

అద్దాలక్క మొహం తిప్పుకుంది. దీన్నా వీళ్ళందరూ నెత్తిన పెట్టుకున్నది అనిపించింది. ఫ్రేములమ్మాయీ, ఏడ్చిన ఇల్లాలూ, జాలిపడ్డ పెద్దమనిషీ వరసగా గుర్తొచ్చి, వాళ్ళందరి మీదా రోత పుట్టింది. ఇంకెప్పుడైనా అయితే ఈపాటికి కత్తెర నాలుగు చురకలు వేసి అందర్నీ నవ్వించి ఉండేది. ఇవాళ మాత్రం మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. నవ్వాల్సిన చోట నవ్వుతోంది గానీ, తెర మీద జోకు పడటానికి కాస్త ముందే నవ్వేస్తోంది. లిఫ్టబ్బాయి, "ఇప్పుడు చూడండి, ఈ సీను చూడండి," అంటున్నాడు. అంటూ అతను చూసేది టీవీ వైపు కాదు. సినిమా సాగినంతసేపూ కత్తెర మొహమే చూస్తున్నాడు.

సినిమా అయిపోయింది. నాన్న అలవాటుగా, "సరే, చిన్నవాళ్ళు..." అని ఆగి, మెత్తగా నవ్వాడు. "కాదులే. ఇవాళ అబ్బాయిగారు ముందు. ఇంటికొచ్చినవారు."

అన్నేళ్ళ చట్టం అలా అల్లుడి మర్యాద కింద పడి నలిగిపోయింది. అద్దాలక్క నోరు తెరవబోతే అమ్మ కళ్ళతోనే నొక్కేసింది.

"ఇందులో గొప్పతనం ఏంటంటే మామయ్యగారూ," అన్నాడు లిఫ్టబ్బాయి, "ఆ అమ్మాయికి ఏం కావాలో ఆ అమ్మాయికే తెలీదు. అతనికి తెలుసు. కోప్పడకుండా, ఓపిగ్గా తెలిసొచ్చేలా చేశాడు. ఈ రోజుల్లో అంత ఓపిక ఎవరికుందండీ?"

నాన్న తలూపి కత్తెర వైపు తిరిగాడు. కత్తెర ముందు అతని మొహం చూసింది. ఆ తర్వాత చెప్పింది.

"బాగుంది నాన్నా."

"ఏం బాగుంది?"

"అతని ఓపిక."

అద్దాలక్కకి ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. "నాకు మాత్రం కంపరమెత్తింది," అంది గట్టిగా. "ఆ కంచం సీను చూస్తుంటే డోకొచ్చింది."

లిఫ్టబ్బాయి ఏమాత్రం నొచ్చుకోలేదు. "మొదటిసారి అలాగే ఉంటుంది వదినగారూ. మళ్ళీ చూడండి, అర్థమవుతుంది," అన్నాడు.

అమ్మ ఆ మేడ కిటికీల కర్టెన్లు బావున్నాయంది. నాన్న గొంతు సవరించుకుని, సంగీతం ఫరవాలేదన్నాడు. సినిమా నచ్చనప్పుడు ఆయన అనే మాట అది. అని, కళ్ళజోడు పెట్టుకుని ఫోను కోసం జేబు తడుముకున్నాడు. ఆ చెయ్యి అటు పోవడం చూసి అద్దాలక్క చెల్లెల్ని రెక్క పట్టుకుని, టీ పెడదాం రమ్మని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"నిజం చెప్పవే. నీకు నచ్చిందా ఆ పెంట?"

కత్తెర గిన్నెలో నీళ్ళు పోసి, స్టవ్ వెలిగించకుండా నిలబడింది. "ఇది ఐదోసారి చూడటం అక్కా," అంది.

"ఎవరు చూడమన్నారు?"

"తనే. మొదటిసారి చూసి, వాణ్ణి చెప్పుచ్చుకు కొట్టాలన్నాను. నవ్వాడు. నీకు అర్థం కాలేదు, మళ్ళీ చూడు అన్నాడు. తను ఫోన్లో ఉంటాడు, నేను చూడాలి. అయ్యాక ఎలా ఉందో చెప్పాలి. తనకేమనిపించిందో నాకూ అదే అనిపించాలి. అనిపించేదాకా మళ్ళీ మొదట్నుంచి. ఈ రెండు నెలలూ ఏ సినిమాకైనా ఇంతే."

"కోప్పడతాడా?"

"ఒక్కసారి కూడా కోప్పడలేదు. కోప్పడితే నేనూ ఒంటికాలి మీద లేచేదాన్ని. ఎంత రాత్రైనా ఫోన్ పెట్టనివ్వడు, అంతే. నాలుగోసారి బాగుందన్నాను. వెరీ గుడ్ అని పెట్టేశాడు."

"అబద్ధమేగా చెప్పింది?"

"చెప్పినప్పుడు అబద్ధమే." కత్తెర గొంతు తగ్గించింది. "ఇప్పుడు తెలీట్లేదక్కా. బాగుందేమో. షాపులో ఈ గుడ్డకి ఈ అంచు నప్పుతుందా అని అడుగుతున్నా చెప్పలేకపోతున్నాను. మొన్న ఓనరమ్మ, నీకేమైందే, నోరు పడిపోయిందా అంది."

అద్దాలక్క గట్టు పట్టుకుని నిలబడింది. అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా, ఇదా, అని అడగడమే ఆవిడ రోజూ చేసే పని. కుర్చీలో ఉన్న మనిషి ఏది బాగుందంటే అదే. నీకు కనిపించేది అది కాదు, మళ్ళీ చూడు అని ఆవిడ ఇంతవరకూ ఎవర్నీ అన్లేదు. ఆ కుర్చీలోనే కూర్చుని లేచాడు వీడు. ఆ గుడ్డ మడత చూసి మురిసిపోయిన తన మొహం మీద తనకే ఉమ్మెయ్యాలనిపించింది. ఎవరో అంటగట్టిన సినిమాకి విసుక్కునే మనిషి, సొంత చెల్లెలికి ఏం అంటగట్టింది.

హాల్లోకి వచ్చేసరికి నాన్న ఫోన్లో నంబరు వెతుకుతున్నాడు.

"నాన్నా, ఆ ఫోన్ కింద పెట్టు. ఇవాళ వరస తప్పింది."

"ఇప్పుడా నీ వరసలు," అంది అమ్మ.

"ఇతను మాట్లాడాక దాన్ని అడిగాం. చిన్నవాళ్ళు ముందు కదా. మళ్ళీ అడగాలి."

"చెప్పిందిగా వదినగారూ," అన్నాడు లిఫ్టబ్బాయి నెమ్మదిగా. "మళ్ళీ ఎందుకు?"

"ఈ సినిమా దానికి మీరు ఎన్నిసార్లు చూపించారు?"

అతను దాచిపెడతాడనుకుంది. అసలు దాచలేదు. "నాలుగుసార్లు. మొదట్లో తనకి సరిగ్గా అర్థం కాలేదు, నాలుగోసారికి బాగుందంది," అన్నాడు. అని నాన్న వైపు తిరిగి, రిపేరు చేసిన లిఫ్టుని అప్పగిస్తున్నట్టు సంతోషంగా చెప్పాడు. "ఇప్పుడు బాగా సెట్టయింది మామయ్యగారూ."

నాన్న ఫోను మీద వేలు ఆపేశాడు. డిపోలో ఇంజను చప్పుడు వినేటప్పుడు తల ఎలా పక్కకి వంచేవాడో అలా వంచి, కాసేపు లిఫ్టబ్బాయినీ, కాసేపు వంటింటి గుమ్మంలో నిలబడ్డ కూతుర్నీ చూశాడు.

"ఇలా రా తల్లీ," అన్నాడు. "కూర్చో. కళ్ళు మూసుకో."

"నాన్నా, నేనేమన్నా చిన్నపిల్లనా?"

"ఈ ఇంట్లో అందరికన్నా చిన్నదానివి నువ్వే. మూసుకో."

కత్తెర కూర్చుని కళ్ళు మూసుకుంది. లిఫ్టబ్బాయి చిన్నగా దగ్గాడు. ఆ దగ్గుకి కత్తెర రెప్పలు అదిరాయి. అది నాన్న చూశాడు, అమ్మ కూడా చూసింది. "మీరాగండి బాబూ," అని నాన్న చెయ్యెత్తాడు.

చాలాసేపు పట్టింది. అద్దాలక్క గోరు కొరుక్కుంటూ నిలబడింది. ఈ ఒక్కసారి అది బాగుందనేస్తే, ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

"రోతగా ఉంది నాన్నా," అంది కత్తెర.

"ఊఁ. చెప్పు."

"తలుపు బయట కూర్చుని అంతసేపు మెక్కాడు కదా. వాడి నోట్లోంచి వచ్చింది ప్రేమ కాదు, తేన్పు. దానికి వేణువు పెట్టారు."

అమ్మకి ఆపుకోలేక నవ్వొచ్చింది. నవ్వి, ఎందుకో కళ్ళు తుడుచుకుంది. కత్తెర మాత్రం నవ్వలేదు, కళ్ళు తెరవలేదు.

"ఆ పిల్ల సరే అన్నది ప్రేమ పుట్టి కాదు నాన్నా. ఆకలేసి."

నాన్న కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "మరి నువ్వు నాలుగోసారి బాగుందన్నది?" అని అడిగాడు.

"నిద్రొచ్చి."

లిఫ్టబ్బాయి లేచి నిలబడ్డాడు. మొహంలో కోపం లేదు, ఆ మెత్తటి నవ్వే ఉంది. ఇప్పుడు ఆ నవ్వు చూస్తుంటే అద్దాలక్కకి సినిమా చూసినప్పటికన్నా ఎక్కువ రోత పుట్టింది.

"మళ్ళీ మొదటికొచ్చింది," అన్నాడు అతను కత్తెర వైపు చూస్తూ. "ఫరవాలేదు. ఇంకొక్కసారి చూస్తే..."

"అక్కర్లేదు బాబూ," అన్నాడు నాన్న. "మా పిల్ల చెప్పేసింది."

ఫోను జేబులో పెట్టుకుని, లేచి వెళ్ళి వీధి తలుపు తీశాడు.