సిందూరం కింద నంబరు

భవానీప్రసాద్‌కు ఆ కారంటే ప్రాణం. యాభై ఏళ్లు దాటిన నల్ల అంబాసిడర్, నాన్న తిరుపతిరావు కొన్నది. ఆయన పోయాక జగ్గయ్యపేటలో పప్పుల గోదాము వెనక తుప్పుపట్టి పడుంటే, పాత ఇనుముకు వేసేయమని ఇంటిల్లిపాదీ పోరారు. వింటేగా మహానుభావుడు! కొట్టు కట్టేయడం ఆలస్యం, షెడ్డులో దూరేవాడు. తుప్పంతా ఇనుము కనబడేదాకా గీకించి కొత్త రంగు వేయించాడు.

ఒక్కచోట మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. బానెట్ ఎత్తితే ఇంజిన్ వెనక రేకు గోడ మీద ఆంజనేయస్వామి సిందూరం ఉంది. నాన్న ఏటా పరిటాల గుడికి వెళ్లొచ్చి, నూనెలో కలిపి అక్కడే మెత్తేవాడు. అది పెచ్చుకట్టి రాయిలా అయింది. "స్వామివారి సిందూరం గీకుతావా? బుద్ధుందా?" అని పెయింటర్ మీద ఎగిరి, చుట్టూ టేపు అంటించి మరీ రంగు కొట్టించాడు.

అంతా అయ్యాక రూల్స్ మీదపడ్డాయి. వింటేజ్ బండిగా రిజిస్టర్ కావాలంటే బాడీ, ఇంజిన్ అసలువే ఉండాలి. పాత ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీద కనబడాలి. రిజిస్టరైతే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లొచ్చు. లేదంటే ఆ కారు ఇక షెడ్డు దాటదు. టార్చి పట్టుకుని ఎంత వెతికినా నంబరు జాడ లేదు.

"కంగారు పడకండి. దొరకలేదని ఆఫీసులోనే చెబుదాం, వాళ్లే ఏదో దారి చూపిస్తారు" అంది భార్య ప్రమీలారాణి.

"చెప్తే పక్కన పడేస్తారే! నీకు తెలీదు, ఊరుకో."

నందిగామలో దేవరాజ్ అనేవాడు ఆర్సీ చూసి నంబరు కొట్టిపెడతాడని ఎవరో చెప్పారు. మన నంబరే కదా, దొంగ నంబరా ఏమన్నా అని తనకు తనే సర్దిచెప్పుకుని, డ్రైవరు వైపు రేకు మీద కొట్టించేశాడు.

తనిఖీ నందిగామలోనే పెట్టారు. ఆర్సీ గడువు తీరిన బండి రోడ్డెక్కకూడదు కనుక లారీలో తీసుకెళ్లారు. వింటేజ్ బండ్ల కమిటీ తరఫున వచ్చిన గ్రేసీ మేడమ్ మోకాళ్ల మీద వంగి, కొట్టించిన అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దింది.

"ఈ నంబరు ఎప్పటిదండీ?"

"బండితో వచ్చిందే మేడమ్."

ఆవిడ బానెట్ ఎత్తి సిందూరం వైపు చూసింది. "ఇలాంటి బండ్లు ఇంతకుముందు చూశా. నంబరు ఇక్కడుండాలి. నేను తాకనండి, మీ దేవుడిది. మీరే తీయండి."

"తీయలేనండీ."

"అయితే రిజెక్ట్ రాసుకుంటా."

వెంట వచ్చిన ప్రమీలారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భవానీప్రసాద్ చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. పెచ్చు ఊడింది. కింద నూనె పట్టిన ఇనుము తళతళలాడుతోంది, తుప్పు మచ్చ లేదు. ఒక అంకె. ఇంకొకటి. అన్నీ ఆర్సీలో ఉన్నవే!

కొత్త ఖాతా పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో పేరు మీదే బొట్టు పెట్టేవాడు నాన్న. కారుకూ అలాగే నంబరు మీద పెట్టాడన్నమాట! కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"దొరికింది మేడమ్! అసలు నంబరు దొరికింది!" అని అరిచాడు. అరిచాక నాలిక కరుచుకున్నాడు.

గ్రేసీ మేడమ్ పెన్సిలు కాగితం పైకెత్తి చూపించింది. "మరి ఇదెవరు కొట్టారండీ?"

ప్రమీలారాణి మొహం తిప్పేసుకుంది. అబద్ధమాడటానికి ఇక అతనికి నోరు రాలేదు.

"నేనేనండీ. నేనే కొట్టించా."

"దీన్ని చూడకముందు మీకు సాయం చేద్దామనే అనుకున్నానండీ. నంబరు దొరక్కపోతే దానికో పద్ధతుంది. దొంగచాటుగా కొట్టించడం మాత్రం నేరం." ఆవిడ పోలీసులకు ఫోన్ చేసింది.

కారు పోలీసుల స్వాధీనంలో అక్కడే ఉండిపోయింది. లారీ ఖాళీగా జగ్గయ్యపేట తిరిగి వెళ్లిపోయింది. భవానీప్రసాద్ నేల మీద కూర్చుని, రాలిన సిందూరం పెచ్చులు ఒక్కొక్కటే ఏరి రుమాల్లో వేసుకున్నాడు.